చేప ఉమ్మేస్తే పండగ: సముద్రం లేని ఊళ్ళో సముద్రం మీద నా ఫెలోషిప్

మా బాబాయికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఫెలోషిప్ వచ్చింది, సముద్ర జీవుల మీద రీసెర్చ్ చేస్తున్నా అని ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట "వనామీ మీదా, టైగర్ మీదా?" అని. రెండూ కాదు బాబాయ్, స్పాంజ్‌ల మీద అన్నా. కాసేపు ఆగి "గిన్నెలు తోమేదా?" అన్నాడు. ఐదేళ్ళు గడిచాయి, ఫెలోషిప్ టైమ్ కూడా ఐపోయింది, ఆయన మాత్రం ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎవరైనా కనిపిస్తే మా అన్నయ్య కూతురు, గిన్నెలు తోమే పీచు మీద పీహెచ్‌డీ చేస్తుంది అనే చెప్తాడు. నవ్వొస్తుంది గానీ నా థీసిస్ థాంక్స్ పేజీలో మా గైడ్ మేడమ్ తర్వాత పేరు ఆయనదే, అదెందుకో కింద వస్తుంది.

మెరైన్ కెమికల్ ఎకాలజీ అంటే ఏంటి అని చాలామంది జూనియర్లు అడుగుతుంటారు, ఫెలోషిప్ ఎలా వస్తుంది, ఎంతిస్తారు, చివరికి ఏం చేస్తారు అని కూడా, అందుకే అంతా ఒకచోట రాసేద్దామని కూర్చున్నా. సబ్జెక్ట్ సింపుల్‌గా చెప్పాలంటే మన ఊళ్ళో జిల్లేడు మొక్క ఉంటుంది కదా, దానికి ముళ్ళుండవు, పారిపోలేదు, రోడ్డు పక్కనే పచ్చగా ఉంటుంది, ఐనా పశువులు దాని జోలికి పోవు, ఎందుకంటే పాలల్లో విషం ఉంది. కానీ ఒక సీతాకోకచిలుక గొంగళిపురుగు ఉంటుంది, నలుపు తెలుపు పసుపు చారలది, అది హాయిగా ఆ ఆకులే తిని ఆ విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది, ఇక పిట్టలు దాన్ని తినవు. సరిగ్గా ఇదే కథ సముద్రంలో రాళ్ళకి అంటుకుని కదలకుండా బతికే స్పాంజ్ అనే జీవికీ, దాన్ని తినే న్యూడిబ్రాంక్ అనే రంగురంగుల పెంకులేని నత్తకీ మధ్య నడుస్తుంది. ఎవరు ఏ కెమికల్‌తో ఎవర్ని ఆపుతున్నారు, ఎవరు ఎవరి దగ్గర దొంగిలిస్తున్నారు, అదే మా గొడవంతా.

నేను చదివింది ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ. సముద్రం గురించి నాకు తెలిసిందల్లా చిన్నప్పుడు పేరుపాలెం బీచ్‌లో కార్తీకమాసం స్నానాలు. ఈ ఫెలోషిప్ ఇచ్చే పరీక్ష సీఎస్ఐఆర్ నెట్‌లో మెరైన్ కెమికల్ ఎకాలజీ అని పేపరేం ఉండదు, మీరు కెమికల్ సైన్సెస్సో లైఫ్ సైన్సెస్సో రాసి జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, కొట్టుకోవాలి, టాపిక్ తర్వాత సంగతి. మా పేపర్‌లో 120 ప్రశ్నలిచ్చి 75 రాయమంటారు, 3 గంటలు, 200 మార్కులు, తప్పు రాస్తే ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు కోత. మొదటిసారి నాకు అర్థమైంది ఏంటంటే నేను తెలిసినవి వదిలేసి తెలిసీ తెలియనివి రాస్తున్నా అని. రెండోసారి తార్నాకలో రూమ్ తీసుకుని పాత పేపర్లు మాత్రమే చేశా, 2019 డిసెంబర్ 15న రాశా, వచ్చింది. ఇంతకన్నా దీని గురించి చెప్పడానికేం లేదు, నెట్ గురించి చెప్పేవాళ్ళు యూట్యూబ్ నిండా ఉన్నారు.

జేఆర్ఎఫ్ వచ్చాక అసలు కష్టం మొదలైంది, 2020 లో అన్నీ మూసేశారు కదా. అవార్డ్ లెటర్ చేతిలో పెట్టుకుని ఇంట్లో కూర్చున్నా. అమ్మ ఆ లెటర్‌ని లామినేషన్ చేయించబోతే ఆపాను, ఒరిజినల్ అడుగుతారేమోనని. పీహెచ్‌డీ ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో ఐంది, మేడ మీద సిగ్నల్ బాగుంటుందని నీళ్ళ ట్యాంక్ పక్కన కుర్చీ వేసుకుని ఫోన్‌లో అటెండ్ అయ్యా. 2021 జనవరిలో జాయిన్ అయ్యా, హైదరాబాద్‌లో. అవును, సముద్రం మీద పీహెచ్‌డీ హైదరాబాద్‌లో. నవ్వకండి, హిందూ మహాసముద్రం దేశాలకి సునామీ హెచ్చరికలు పంపే సెంటర్లలో ఒకటైన ఇన్‌కాయిస్ ఉండేది కూడా మన ప్రగతినగర్‌లోనే.

మా మేడమ్ మొదటి రోజు ల్యాబ్ చూపించలేదు, ఒక కథ చెప్పారు. 1950 ల మొదట్లో బెర్గ్‌మన్ అనే కెమిస్ట్ కరీబియన్‌లో దొరికిన ఒక స్పాంజ్ నుంచి వింత న్యూక్లియోసైడ్‌లు, అంటే డీఎన్ఏ ముక్కల్లాంటి కెమికల్స్, తీశాడు, వాటిని చూసి తయారుచేసిందే సైటరాబిన్ అనే మందు, 1969 లో అమెరికాలో అప్రూవ్ ఐంది, ఇప్పటికీ లుకేమియాకి, అంటే బ్లడ్ క్యాన్సర్‌కి, వాడతారు. ఈ కథ నాకు ఎమ్మెస్సీలోనే తెలుసు, మెరైన్ నేచురల్ ప్రొడక్ట్స్ పాఠం మొదటి పేజీలో ఉంటుంది, అందుకే గర్వంగా తల ఊపుతున్నా. అప్పుడు మేడమ్ అడిగారు, "మరి ఆ స్పాంజ్ వాటిని ఎందుకు తయారుచేసుకుంటోంది? దానికేమైనా లుకేమియా వచ్చిందా?" నా దగ్గర జవాబు లేదు. నిజంగా చెప్తున్నా, ఆ ప్రశ్న నాకు అంతకుముందు ఎప్పుడూ తట్టలేదు. జీవిని తీసుకురా, మెత్తగా చెయ్, సాల్వెంట్‌లో వెయ్, కాలమ్ పెట్టి విడగొట్టు, కాంపౌండ్ తీయ్, క్యాన్సర్ సెల్ మీద వెయ్, పని చేస్తే పేపర్, చెయ్యకపోతే ఫ్రీజర్. నాకు తెలిసిన కెమిస్ట్రీ అదే.

స్టైపెండ్ సంగతి చెప్తా. అప్పట్లో జేఆర్ఎఫ్‌కి నెలకి 31,000, హాస్టల్‌లో ఉంటే హెచ్ఆర్ఏ రాదు, ఏడాదికి 20,000 కంటింజెన్సీ, అంటే రీసెర్చ్ ఖర్చుల డబ్బు. అంకె బాగానే ఉంటుంది, కానీ మొదటి డబ్బులు నా అకౌంట్‌లో పడింది జూన్‌లో. జాయినింగ్ రిపోర్ట్ ఎక్కడో ఆగింది, నా క్లెయిమ్ ఫామ్‌లో ఒక సంతకం వేరే పెట్టెలో పడింది, ఫైల్ తిరిగొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఏ టేబుల్ మీద ఆగిందో ఎందుకులెండి. ఐదు నెలలు సీనియర్ అక్క దగ్గర అప్పు, మెస్‌లో ఖాతా. జాయిన్ అయ్యేవాళ్ళు కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని రండి, ప్రతి కాగితం స్కాన్ చేసి పెట్టుకోండి. కంటింజెన్సీ 20,000 అంటే గ్రాసరీ బడ్జెట్ లాంటిదే, మాలిక్యూల్ నిర్మాణం చూసే ఎన్ఎంఆర్ మెషిన్‌కి వాడే డ్యూటిరేటెడ్ సాల్వెంట్లు, హెచ్‌పీఎల్‌సీ గ్రేడ్ మిథనాల్, వైజాగ్ ట్రైన్ టికెట్లు అన్నీ అందులో అంటే పండగ ముందే ఐపోతుంది. మా మేడమ్‌కి ప్రాజెక్ట్ ఉంది కాబట్టి బతికాం.

ఇక స్పాంజ్. మేం ఎంచుకున్న చోటు విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో మంగమారిపేట దగ్గర రాళ్ళు. పాటు బాగా తీసినప్పుడు, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, ఆ రాళ్ళ కింది అంచుల్లో, నీడ పడేచోట, ఎర్రగా నారింజ రంగులో అంగుళం మందాన పరుచుకుని ఉంటుంది. పాటు బాగా తీసేది అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో, కాబట్టి ఐదేళ్ళు నా ట్రిప్పులన్నీ పంచాంగం చూసే పెట్టుకున్నా. నా మొదటి సొంత ట్రిప్ 2021 అక్టోబర్ 6. అది మహాలయ అమావాస్య. అమ్మ ఫోన్‌లో ఎంత గొడవ చేసిందో, పితృ అమావాస్య పూట ఆడపిల్ల ఒంటరిగా సముద్రంలో దిగడమేంటని. ఒంటరిగా కాదమ్మా జూనియర్ తమ్ముడు ఉన్నాడంటే అది ఇంకో గొడవ.

తీరా వెళ్తే స్పాంజ్ లేదు! పది రోజుల ముందే, సెప్టెంబర్ 26న గులాబ్ తుఫాను కళింగపట్నం పైన తీరం దాటింది, విశాఖలో కుండపోత, ఆ అలలకి బీచ్ రూపమే మారిపోయింది, నేను ఫోటోలు తీసి గుర్తుపెట్టుకున్న రాళ్ళు సగం దాకా ఇసకలో కూరుకుపోయి ఉన్నాయి. మధ్యాహ్నం ఎండలో గంటన్నర ఇసక తవ్వాం ఇద్దరం, గునపం కూడా లేదు, భోజనం ప్లేట్లతో తవ్వాం. అక్కడ వల సరిచేసుకుంటున్న ఒకాయన చాలాసేపు చూసి చూసి లేచొచ్చాడు. "ఏటమ్మా ఎతుకుతన్నారు, ఏటైనా పడిపోనాదా?" చెప్పాను, ఫోన్‌లో ఫోటో చూపించాను. "ఇదా! ఇది కిలో ఎంతకెల్తాది?" అన్నాడు. వెళ్ళదు తాతా, చదువు కోసం అన్నా. "అయితే మీకు జీతమిత్తారా దీనికి?" ఇస్తారు అన్నా, ఆగి ఆగి ఇస్తారని చెప్పలేదు. ఆయన ఒక రాయి చూపించాడు, పడమటి వైపు, ఇసక పట్టనిది, దాని కింద ఉంది. ఆ తర్వాత ప్రతి ట్రిప్‌కీ ఆయన ఉన్నాడేమో అని చూసేదాన్ని, ఉంటే "కిలో రేటు పెరిగిందా అమ్మా" అని అడిగేవాడు.

కలెక్షన్ అంటే కోసుకొచ్చేయడం కాదు. వన్యప్రాణి చట్టం లిస్టుల్లో పగడాలున్నాయి, సీ కుకుంబర్లున్నాయి, స్పాంజ్‌లలో కాల్షియం ముళ్ళుండే రకాలూ ఉన్నాయి. మన స్పాంజ్ అందులోది కాదని ముందు తేల్చుకోవాలి. స్పాంజ్ ఒంట్లో కంటికి కనపడనంత చిన్న ముళ్ళుంటాయి, స్పిక్యూల్స్ అంటారు, చిటికెడు ముక్క బ్లీచ్‌లో వేస్తే కండంతా కరిగి అవి అడుగున మిగుల్తాయి, కాల్షియంవి ఐతే యాసిడ్ చుక్క పడగానే బుడగలొచ్చి కరిగిపోతాయి, సిలికావి ఐతే గాజు కాబట్టి అలాగే ఉంటాయి. మాది గాజే. కానీ జాతి పేరు తేలడానికి ఇంకో ఏడాది పట్టింది, స్పాంజ్‌ల వర్గీకరణ చేసేవాళ్ళు దేశంలో తక్కువ, మైక్రోస్కోప్ కింద గుండుసూదుల్లాంటివి కొలిచి కొలిచి కళ్ళు పోయాయి. ఇంకో నియమం మేమే పెట్టుకున్నాం, ఒక్కోదాన్నుంచి మూడో వంతుకి మించి కొయ్యకూడదు, మిగిలింది మళ్ళీ పెరుగుతుంది. పెరిగింది కూడా, నేనే చూశా.

ఆ ముక్కల్ని థర్మోకోల్ డబ్బాలో ఐస్ వేసి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తీసుకొచ్చేదాన్ని. స్పాంజ్ వాసన తెలీనివాళ్ళకి చెప్పలేను, వెల్లుల్లి, కుళ్ళిన నాచు, కాస్త గ్యాస్ కలిపినట్టు ఉంటుంది. ఎదుటి బెర్త్ ఆవిడ ఒకసారి రాజమండ్రి దాకా ఓపిక పట్టి "రొయ్యలా అమ్మా, ఐస్ సరిపోలేదేమో" అన్నారు. రొయ్యలే అండీ అన్నా. దానికన్నా సులువైన జవాబు లేదు.

ఇప్పుడు అసలు ఎక్స్‌పెరిమెంట్. స్పాంజ్ కెమికల్స్ చేపని ఆపుతున్నాయా లేదా అనేది ఎలా తెలుసుకోవాలి? చేపకే పెట్టాలి. ఈ పద్ధతి అమెరికాలో జోసెఫ్ పాలిక్ వాళ్ళ ల్యాబ్ 1995 లో కరీబియన్ స్పాంజ్‌ల మీద చేసి చూపించింది, 71 జాతుల్లో 69 శాతం జాతుల ఎక్స్‌ట్రాక్ట్, అంటే సాల్వెంట్‌తో తీసిన సారం, కలిపిన ఆహారాన్ని చేపలు తినలేదు. వంట ఇలా ఉంటుంది. స్పాంజ్‌ని డైక్లోరోమీథేన్, మిథనాల్ సగం సగం కలిపిన దాంట్లో నానబెట్టి ఎక్స్‌ట్రాక్ట్ తీస్తాం, రోటరీ ఎవాపరేటర్ మీద సాల్వెంట్ ఎగరగొడతాం, జిగటగా ముదురు రంగు పదార్థం మిగుల్తుంది. దాన్ని ఎండబెట్టిన స్క్విడ్ పొడి, ఆల్జినేట్ అనే జిగురు కలిపిన ముద్దలో కలిపి సిరంజ్‌తో కాల్షియం క్లోరైడ్ నీళ్ళలోకి వదిలితే సన్న సేమ్యాలాగా గట్టిపడుతుంది, దాన్ని బ్లేడ్‌తో చిన్న చిన్న ముక్కలు కొయ్యాలి. ఎక్స్‌ట్రాక్ట్ లేని ముద్ద కంట్రోల్, పోల్చి చూడ్డానికి, రంగు తేడా చేపకి తెలీకుండా దానికి ఫుడ్ కలర్ కలపాలి. చేప నోట్లో పెట్టుకుని మింగితే తిన్నట్టు, మూడుసార్లు పెట్టుకుని ఉమ్మేస్తే వద్దన్నట్టు. వద్దన్న తర్వాత వెంటనే కంట్రోల్ ముక్క వెయ్యాలి, అది తినాలి, లేకపోతే దానికి కడుపు నిండిందని అర్థం, ఆ రీడింగ్ పనికిరాదు. పది చేపల్లో కంట్రోల్ పదికి పది తిని, ఎక్స్‌ట్రాక్ట్‌ది ఆరు లేదా అంతకన్నా తక్కువ తింటేనే లెక్కల ప్రకారం తేడా ఉన్నట్టు, ఏడు తిన్నాయంటే ఏమీ అనలేం.

దీనికి చేపలు కావాలి కదా. విశాఖ రాళ్ళ మధ్య గుంటల్లో ఒంటి మీద నిలువు నల్ల చారలుండే అరచేయంత చేప ఉంటుంది, అబూడెఫ్‌డఫ్ అంటారు, అన్నీ తింటుంది, భయం తక్కువ. ఎథిక్స్ కమిటీ కాగితాలు అయ్యాక 14 చేపల్ని పట్టి, హేచరీలో రొయ్య సీడ్, అంటే పిల్లల్ని, ప్యాక్ చేసినట్టు ప్లాస్టిక్ సంచుల్లో ఆక్సిజన్ పట్టించి తెచ్చాం. ట్యాంక్‌లో అక్వేరియం ఉప్పు కలిపిన నీళ్ళు, ఫిల్టర్, లైటు, అన్నీ కొత్తవి, మెరిసిపోతున్నాయి. వారంలో తొమ్మిది చచ్చిపోయాయి. రోజూ పొద్దున్నే ట్యాంక్ దగ్గరికి వెళ్ళాలంటే కాళ్ళు వణికేవి. ఆరో రోజు రాత్రి ఏడుస్తూ అమ్మకి ఫోన్ చేస్తే పక్కనే బాబాయి ఉన్నాడు, ఫోన్ లాక్కుని "నీళ్ళు పెట్టి ఎన్నాళ్ళైంది?" అన్నాడు. చేపలొచ్చే ముందు రోజు పెట్టాం అన్నా. "నీళ్ళు పెట్టిన మర్నాడే సీడ్ ఒదులుతారా ఎవరైనా? అమోనియా చూశావా? నైట్రైట్?" చూడలేదు. పీహెచ్ చూశా, ఉప్పు చూశా, అది చూడలేదు. నేను కెమిస్ట్రీ పీజీ, ఆయన ఇంటర్ ఫెయిల్.

మర్నాడు టెస్ట్ కిట్‌తో చూస్తే అమోనియా కలర్ చార్ట్ చివరి పెట్టె దాటిపోయింది. చేప విసర్జనలోంచి వచ్చే అమోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరగడానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా కొత్త ట్యాంక్ విషం తొట్టె. బాబాయి రోజు విడిచి రోజు వాట్సాప్‌లో రీడింగులు అడిగేవాడు, ఉప్పు శాతం చూసే తన పాత రిఫ్రాక్టోమీటర్ కూడా కొరియర్ చేశాడు. ఐదు వారాల తర్వాత "ఇప్పుడు ఒదులు" అన్నాడు, కొత్త చేపల్ని తెచ్చి వదిలాం. ఆ తర్వాత రెండేళ్ళలో చచ్చింది ఒక్కటే, అదీ ట్యాంక్‌లోంచి ఎగిరి పడి.

చేపలు కుదురుకున్నాయి, ఎక్స్‌ట్రాక్ట్ రెడీ, మొదటి అస్సే, అంటే చేపలకి పెట్టి చూసే ఆ పరీక్ష, పెట్టాం. పదికి పది తినేశాయి. చప్పరిస్తూ తిన్నాయి. నా స్పాంజ్‌కి డిఫెన్సే లేదు అనుకుని రెండు వారాలు దిగులుగా తిరిగా. మేడమ్ నోట్‌బుక్ చూసి ఒక్కటే అడిగారు, ఎంత కాన్సెంట్రేషన్ పెట్టావు, దేని లెక్కన? పొడి బరువు లెక్కన పెట్టా, కెమిస్ట్ కదా, అన్నీ గ్రాముల్లోనే ఆలోచిస్తా. చేప స్పాంజ్‌ని ఎండబెట్టి తూకం వేసి తింటుందా? అది కొరికేది ఒక నోటి ముక్క, ఒక వాల్యూమ్. పది మిల్లీలీటర్ల స్పాంజ్‌లో ఎంత ఎక్స్‌ట్రాక్ట్ ఉందో అంతా పది మిల్లీలీటర్ల ముద్దలో ఉండాలి. తడి స్పాంజ్‌ని కొలత గ్లాసులో ముంచి నీళ్ళు ఎంత పైకి వచ్చాయో చూసి లెక్క కట్టాలి, ఇంతే, ఆరో తరగతి సైన్స్. నేను పెట్టింది అసలు ఉండాల్సిన దానికన్నా చాలా తక్కువ.

సరే మళ్ళీ చేశా. ఈసారి మొదటి చేప ఉమ్మేసింది! రెండోది ఉమ్మేసింది. నేను, తమ్ముడు ఎగిరి గంతులేశాం, వీడియో తీశాం, పదికి పది ఉమ్మేశాయి, మేడమ్‌కి మెసేజ్ టైప్ చేస్తున్నా, అప్పుడు తమ్ముడు అన్నాడు, అక్కా కంట్రోల్ కూడా ఉమ్మేస్తోంది అని. ఆ సిగ్గు మాటల్లో చెప్పలేను. తొందరలో రెండు ముద్దల్లోనూ మిథనాల్ పూర్తిగా ఎగరలేదు, కంట్రోల్‌లో కూడా అంతే సాల్వెంట్ వేసి ఆరబెడతాం కదా, అదే వాసన. అప్పుడు మనసులో మేడమ్ లాంటి గొంతు ఒకటి "దానికేమైనా లుకేమియా వచ్చిందా" అన్నట్టే అనిపించింది. ఆ వారం తర్వాత వాక్యూమ్ కింద రాత్రంతా పెట్టకుండా ఏ ముద్దా చెయ్యలేదు.

మూడో సారి కంట్రోల్ పదీ తిన్నాయి, స్పాంజ్‌ది రెండే తిన్నాయి. ఆ రోజు గంతులెయ్యలేదు, భయమేసింది. మూడుసార్లు తిరిగి చేశాకే నమ్మాం.

ఈలోపు రెండేళ్ళైపోయాయి, జేఆర్ఎఫ్ నుంచి ఎస్ఆర్ఎఫ్‌కి, అంటే సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి, మారాలంటే కమిటీ ముందు ప్రెజెంటేషన్ ఇవ్వాలి, బయటి నుంచి ఒక ఎక్స్‌పర్ట్ వస్తారు. నాకు వచ్చినాయన పెద్ద సింథటిక్ కెమిస్ట్. అంతా విని "బాగుందమ్మా, కానీ దీనివల్ల ఉపయోగమేంటి?" అన్నారు. నేను ఉపయోగాలు కంఠతా పట్టుకెళ్ళా, ఆస్ట్రేలియాలో డెలీసియా అనే ఎర్ర నాచు ఒంటి మీద బ్యాక్టీరియా పేరుకోకుండా ఫ్యూరనోన్‌లు అనే కెమికల్స్ ఎలా వాడుతుందో, అది చూసి ఓడల అడుగున పాకుడు పట్టకుండా చెయ్యొచ్చేమో అని ఎలా ఆలోచించారో, ఇవన్నీ. కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం "స్పాంజ్‌కి ఉపయోగం సార్" అని. హాల్లో ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు, అరగంట అడిగారు, వాల్యూమ్ ఎందుకు బరువు ఎందుకు కాదు అనేదే పది నిమిషాలు. నేను చేసిన తప్పులే నన్ను కాపాడాయి, ప్రతి ప్రశ్నకీ జవాబు నా పాత తప్పుల్లోనే ఉంది. ఎస్ఆర్ఎఫ్ వచ్చింది, 2023 జూన్‌లో స్టైపెండ్లు పెంచారు, జేఆర్ఎఫ్ 37,000, ఎస్ఆర్ఎఫ్ 42,000, జనవరి నుంచి లెక్క. ఆ ఏరియర్స్ పడ్డ రోజు మెస్ ఖాతా, అక్క అప్పు తీర్చేశా, అక్క అప్పటికే ఉద్యోగంలో చేరి ఆ అప్పు మర్చిపోయింది కూడా.

తర్వాతి ఏడాదిన్నర కాలమ్ పక్కనే గడిచింది. ఎక్స్‌ట్రాక్ట్‌ని భాగాలుగా విడగొట్టి ప్రతి భాగంతో మళ్ళీ ముద్ద, మళ్ళీ చేప. ఒక దశలో ఏ భాగం పెట్టినా తినేశాయి, అన్నీ కలిపితే ఉమ్మేస్తున్నాయి, విడదీస్తే తింటున్నాయి. ఇది చాలామందికి జరుగుతుంది, రెండు కాంపౌండ్లు కలిస్తేనే పనిచెయ్యొచ్చు, లేదా మనం విడదీసేటప్పుడు కాలమ్‌లో నింపే సిలికా పొడి మీద అసలుది విరిగిపోయి ఉండొచ్చు. మాది రెండోది. సిలికా మానేసి వేరే కాలమ్‌కి మారి, లైట్ తగలకుండా ఫాయిల్ చుట్టి చేస్తే దొరికింది, నాలుగు మిల్లీగ్రాములు, లేత పసుపు. ఎన్ఎంఆర్, మాలిక్యూల్ బరువు చూసే మాస్ టెస్ట్ అన్నీ చేసి డేటాబేస్‌లో వెతికితే... కొత్తది కాదు. ఎప్పుడో నేను పుట్టకముందే వేరే దేశంలో వేరే స్పాంజ్‌లోంచి తీసేశారు. కెమిస్ట్‌కి ఇంతకన్నా చావు దెబ్బ ఉండదు, కొత్త మాలిక్యూల్ అయితే పేపర్ రేంజే వేరు. ఆ పాత పేపర్ తీసి చదివా. క్యాన్సర్ సెల్స్ మీద వేశారు, పని చెయ్యలేదు, ఒక లైన్‌లో రాసి వదిలేశారు. ఆ లైన్ దగ్గర చాలాసేపు ఆగిపోయా. మనకి పనికిరాలేదు కాబట్టి అన్నేళ్ళూ అది పనికిరానిదే. స్పాంజ్ మాత్రం రోజూ వాడుకుంటూనే ఉంది, రాయి కింద, ఎవరి పేపర్‌తోనూ సంబంధం లేకుండా.

అది స్పాంజే చేస్తోందా, దాని ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియా చేస్తోందా అనేది ఇంకా తేలలేదు, కొన్ని స్పాంజ్‌లలో బరువులో మూడో వంతు పైనే సూక్ష్మజీవులుంటాయి, అది నా తర్వాత వచ్చినవాడి పని. న్యూడిబ్రాంక్ మాత్రం దొరికింది, మూడో ఏడు కార్తీక పౌర్ణమి దగ్గర్లో, అదే పడమటి రాయి కింద, స్పాంజ్ రంగులోనే ఉండి, కదిలితే గానీ కనపడలేదు. దాని ఒంట్లో కూడా అదే కాంపౌండ్ ఉంది, ఎక్కువగా ఉన్నది వీపు అంచుల్లో, అంటే చేప ముందుగా కొరికే చోట. ఆ ఒక్క ఫలితమే నా థీసిస్‌లో నాకు బాగా ఇష్టమైన చాప్టర్, పేపర్‌గా పంపితే రివ్యూయర్ దాన్నే శాంపిల్స్ తక్కువని తిప్పి పంపాడు, న్యాయమే, ఇంకో రెండు అమావాస్యలు వెళ్ళి వచ్చాం.

ఫెలోషిప్ ఈ జనవరితో ఐపోయింది, చివరి క్లెయిమ్ ఇంకా రాలేదు, థీసిస్ సబ్మిషన్ ముందర ఉంది. చేపల్ని తిరిగి సముద్రంలో వదలకూడదు, ట్యాంక్ రోగాలు అక్కడికి పోతాయి, అందుకే కొత్తగా చేరిన అబ్బాయికి అప్పగించా, బాబాయి నంబర్ కూడా ఇచ్చా. మొన్న వాడు మొదటి అస్సే పెడుతుంటే పక్కన నిలబడ్డా. చేప ముక్క నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది, వాడి మొహం వెలిగిపోయింది, ఫోన్ తీశాడు. కంట్రోల్ వెయ్ అన్నా. వేశాడు. అదీ ఉమ్మేసింది.